ఆరోగ్య విషయములు: నొప్పికి మనోవ్యాధి మందేల?

ఈ శీర్షికకు వచ్చు జాబులలోఁ గొన్ని నెలలుగా నొకే ప్రశ్న వేఱువేఱు మాటలతోఁ గనఁబడుచున్నది. "ఏండ్ల తరబడి యున్న నడుము నొప్పికై వైద్యుల యొద్దకుఁ బోయితిని. రాత్రి పండుకొనుటకు ముందు వేసికొమ్మని యొక చిన్న మాత్ర వ్రాసి యిచ్చిరి. మందుల యంగడి యాతఁడు అది డిప్రెషన్ మాత్ర యని చెప్పెను. నాకు మతి చెడినదని వైద్యుల యభిప్రాయమా? నేను పడు బాధ యంతయు భ్రమ యనుకొనిరా?" ఇదియే యా ప్రశ్న.

అడిగిన వారిలోఁ గొందఱు మాత్రను వేసికొనకయే గూటిలో నుంచిరి. కొందఱు నాలుగు దినములు వేసికొని, గుణము కానరాలేదని మానిరి. ఒక సోదరి యత్తగారి కంటఁ బడకుండ బియ్యపు డబ్బాలో దాఁచి వేసికొనుచున్నారట. నొప్పికంటె నిందకు మన మెక్కువగా భయపడుచున్నామని దీనివలనఁ దెలియుచున్నది. కావున నీ విషయమును మొదటినుండి వివరించుట మంచిదని తోఁచినది.

సంగ్రహమైన యుత్తరము ముందే చెప్పెదను. ఆ మాత్ర మీ బాధ భ్రమ యని తలంచి యిచ్చినది కాదు. బాధ నిజమైనదనియు, అది నరముల త్రోవలో నిలిచిపోయినదనియు గ్రహించి యిచ్చినది. అయినను అది యెల్లరకును, ఎల్ల నొప్పులకును దగిన మందు కాదు. ఎవరికిఁ దగును, ఎవరికిఁ దగదు, ఎట్లు వాడవలెను అను మూఁడు సంగతులును దెలిసికొన్న పిమ్మటనే దానిని మెచ్చుకొనుటయో మానుటయో యుచితము.

మన సీమలోని నొప్పులు

అనంతపురము పీఠభూమిలో సాలీనా పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశములో మిక్కిలి తక్కువ వాన పడు ప్రదేశములలో మనది యొకటి. వాన తగ్గినచోట స్త్రీ శరీరముపైఁ బడు బరువు హెచ్చును. నీళ్ళబిందె చంకఁ బెట్టుకొని నడచుట, వేరుసెనగ చేలలో వంగి కలుపు తీయుట, పంటకాలమునఁ జెట్లు పెఱికి కుప్పవేసి గంటల తరబడి కూర్చుండి కాయలు ఒలుచుట, కట్టెలమోపు మోయుట, ఇవి యన్నియు నడుమును, మెడను, మోఁకాళ్ళను అరగఁదీయు పనులు. ధర్మవరమునఁ బట్టుమగ్గముల పనిలో నున్న కుటుంబములవారికి మెడ, వెన్ను నొప్పులు తెలియనివి కావు. ఇంటిపట్టున నుండు వారికిని వంగి యూడ్చుట, తోముట, పిల్లల నెత్తుకొనుట తప్పవు.

ఇంతియ కాక మన పల్లెలలోఁ గొన్నింట బోరునీటియందు ఫ్లోరైడు హెచ్చుగా నుండుటచే నెముకలును గీళ్ళును బిగిసి నొప్పిపెట్టుచున్నవి. 1990 దశకమున శ్రీ సత్యసాయి తాగునీటి పథకము ఈ సీమలోని ఏడువందలకుఁ బైఁగా గ్రామములకు మంచినీ రందింపఁ బూనుకొనుటకు నీటికొఱఁతతోఁ బాటు ఈ ఫ్లోరైడు దోషమును గారణము.

ఈ నొప్పులకు మనము సాధారణముగాఁ జేయు చికిత్స యేమి? ఊరిలోని ఆర్.ఎం.పి. చేత సూది వేయించుకొనుట, అంగడిలో నొప్పిమాత్ర లడిగి తెచ్చి మ్రింగుట. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు నాలుగు దినముల వాపునకు మంచివే. కాని నెలల తరబడి వేసికొన్నచో కడుపులోఁ బుండు పుట్టవచ్చును, మూత్రపిండములు చెడవచ్చును. ఎండలోఁ జెమటోడ్చి, తగిన నీరు త్రాగక పని చేయు వారికి మూత్రపిండముల కపాయము మఱింత యెక్కువ. నొప్పిమాత్ర వేసికొని చేనికిఁ బోవుట మన సీమలో నెంత వాడుకయో యోచించినచో ఈ ప్రమాద మెంత దగ్గఱిదో తెలియఁగలదు.

నొప్పి యెట్లు నిలిచిపోవును?

నొప్పులన్నియు నొకే జాతివి కావు. వైద్యులు వానిని ముఖ్యముగా మూఁడు తెఱఁగులుగాఁ జెప్పుదురు. మొదటిది గాయము, వాపు, కీళ్ళ యరుగుదలవలనఁ బుట్టు నొప్పి. రెండవది నరమే దెబ్బ తినుటవలనఁ బుట్టునది. మధుమేహము గలవారికి రాత్రులందు పాదములు మండుట, సర్పి మానిన తరువాత నా చోట నెలల కొలఁది మంట నిలుచుట, నడుమునుండి పిఱుఁదు, తొడ, పిక్క మీఁదుగా లాగుట ఈ జాతివి. ఈ చివరిదానిని జరకసంహిత గృధ్రసి యని పేర్కొన్నది. గృధ్ర మనఁగా గ్రద్ద. రోగి కాలీడ్చుచు నడచు తీరు గ్రద్దనడకను బోలుటచే నా పేరు వచ్చినదని పెద్దలందురు.

మూఁడవది చిత్రమైనది. గాయము మానిపోవును, పరీక్షలలో నేమియుఁ గనఁబడదు, అయినను నొప్పి మాత్రము పోదు. ఒడలంతయు నొచ్చుట, నిద్ర లేచినను బడలిక తీఱకపోవుట దీని లక్షణములు. ఇట్టి నొప్పిలో నరముల వ్యవస్థయే యతిజాగరూకమై చిన్న తాఁకుడును సైతము పెద్ద బాధగాఁ జూపుచుండును. నొప్పిని గూర్చి యధ్యయనము చేయు అంతర్జాతీయ సంఘము 2017లో దీనికిఁ బ్రత్యేకముగా నోసిప్లాస్టిక్ నొప్పి యని పేరు పెట్టినది. మూఁడు మాసములకు మించి నిలిచిన నొప్పిని చిరకాలపు నొప్పి యందురు.

"ఫొటో తీసినారు, రక్తము చూచినారు, ఏమియు లేదన్నారు" అని యింటివారు చెప్పుకొను మాటలోఁ గొంత యపహాస్యము దాఁగి యుండును. ఏమియుఁ గనఁబడకపోవుట వేఱు, ఏమియు లేకపోవుట వేఱు. ఎక్స్‌రే చిత్రమునం దెముకలు కనఁబడునే కాని నరములలోఁ బాఱు వార్త కనఁబడదు.

నీరుగంటియుఁ దూమును

బుక్కరాయసముద్రము చెఱువును జూచిన వారికిఁ దక్కిన సంగతి సులభముగా బోధపడును. చెఱువులో నీరెంత యున్నను, పొలమునకుఁ బాఱు నీరు తూమును బట్టి యుండును. తూమును ఎత్తుటకును దించుటకును నీరుగంటి యుండును. మన వెన్నుపాములోను ఇట్టి తూములు గలవు. 1965లో మెల్జాక్, వాల్ అను నిరువురు శాస్త్రజ్ఞులు, నొప్పి వార్త వెన్నుపాములో నొక ద్వారమును దాఁటి మెదడునకుఁ బోవుననియు, ఆ ద్వారము కొన్ని వేళలఁ దెఱచికొని కొన్ని వేళల మూసికొనుననియు సిద్ధాంతము చేసిరి. తరువాతి పరిశోధనలవలన నా సిద్ధాంతమునఁ గొన్ని మార్పులు వచ్చినను, మూలభావము నిలిచియే యున్నది.

మెదడు క్రింది భాగమునుండి వెన్నుపాములోనికి దిగు కొన్ని నరములు నీరుగంటి పని చేయును. పైకిఁ బోవు నొప్పి వార్తను అవి తగ్గించి పంపును. ఆ పనికి నవి వాడుకొను రసాయనములలో నోరెపినెఫ్రిన్, సెరటోనిన్ అనునవి ముఖ్యములు. చిరకాలపు నొప్పిలో నీ యేర్పాటు సడలిపోయి, తూము సగము తెఱచియే యుండును. రాత్రి మాత్ర చేయు పని యిదియే: ఆ రసాయనములు నరముల సందులలో మఱికొంతసేపు నిలుచునట్లు చేసి, నీరుగంటి చేతికి బలము నిచ్చును. మనసులోని దిగులును దగ్గించుటకును ఆ రసాయనములే యుపకరించును గనుక నొకే మందు రెండు వ్యాధులకును బనికి వచ్చుచున్నది.

ఈ మందుల చరిత్ర

1952లో క్షయరోగులకై చేసిన ఐప్రోనయజిడ్ అను మందు, ఊపిరితిత్తుల సంగతి యటుండఁగా, రోగుల దిగులును బోఁగొట్టుచున్నదని వైద్యులు గమనించిరి. 1957లో స్విట్జర్లాండు వైద్యుఁడు రోలాండ్ కూన్, ఇమిప్రమీన్ అను మందు విషాదవ్యాధికిఁ బనిచేయునని ప్రకటించెను. 1960లోనే ఫ్రాన్సు వైద్యులు దానిని నొప్పులకు వాడి చూచిరి. 1961లో నదే కుటుంబమునకుఁ జెందిన అమిట్రిప్టిలీన్ అమెరికాలో ననుమతి పొందెను. నేఁడు మన వైద్యులు రాత్రి మాత్రగా వ్రాయునది చాల వఱకు నిదియే. లేదా దీని తోఁబుట్టువగు నార్ట్రిప్టిలీన్. దాదాపు అఱువదియైదేండ్లుగా వాడుకలో నున్న చవుక మందిది. మన దేశపు అత్యవసర ఔషధముల పట్టికలో అమిట్రిప్టిలీన్ చేరియున్నది.

నొప్పి తగ్గుట కేవలము దిగులు తగ్గుటవలనఁ గలిగినదేమో యని సందేహము రావచ్చును. వైద్యులకును వచ్చినది. 1987లో అమెరికాలోఁ జేసిన యొక పరిశోధనలో మధుమేహమువలన నరముల నొప్పి పడు వారికి అమిట్రిప్టిలీన్ నిచ్చి చూడఁగా, దిగులు గలవారికిని, దిగులు లేనివారికిని గూడ నొప్పి తగ్గినది. కాఁబట్టి మందు నొప్పిపై నేరుగానే పనిచేయుచున్నదని తేలినది.

మందునకుఁ బుట్టినపుడు పెట్టిన పేరు జీవితాంతము దాని పనిని నిర్ణయింపదు. జ్వరమునకు వాడిన ఆస్పిరిన్‌ను నేఁడు గుండెజబ్బువారి కిచ్చుచున్నారు. గుండెకై చేసిన ప్రొప్రనొలాల్‌ను తఱచు పార్శ్వపునొప్పి వచ్చు వారికి నివారణకై యిచ్చుచున్నారు. ఆ మాత్ర వేసికొను స్త్రీని జూచి "ఈమెకు గుండెజబ్బు" అని యెవరైన ననుచున్నారా? నొప్పికి అమిట్రిప్టిలీన్ వేసికొను స్త్రీని మాత్రము వేఱుగాఁ జూచుట యేమి న్యాయము?

నిద్రతోడి సంబంధము

ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూఁటిని శరీరమునకు ఉపస్తంభములని చరకుఁడు చెప్పెను. ఇంటికి నిట్రాళ్ళవలె నివి దేహమును నిలుపుననుట. చిరకాలపు నొప్పి రెండవ నిట్రాటిని దినదినము కదల్చును. నొప్పిచే నిద్ర చెడును. నిద్ర చెడినచో మఱునాఁడు అదే నొప్పి యెక్కువగాఁ దోఁచును. ఎక్కువైన నొప్పి మరల నిద్రను జెఱచును. "నిద్ర సుఖ మెఱుఁగదు" అందురు కాని, నిద్రయే రానివారికి మెత్తని పఱుపును ముండ్లకంపయే.

అమిట్రిప్టిలీన్ రక్తములోఁ జేరినపుడు మెదడులోని హిస్టమిన్ అను రసాయనపు పనిని అడ్డగించును. మనలను మెలకువతో నుంచునది హిస్టమినే. కావున మాత్ర వేసికొన్న మొదటి రాత్రులనుండియే నిద్ర కుదుటఁ బడవచ్చును. నొప్పి తగ్గుట మాత్రము ఆలస్యము. రెండు వారములు మొదలు ఆఱు వారములవఱకుఁ బట్టును. "నాలుగు దినములు వేసికొంటిని, నొప్పి తగ్గలేదు" అని మానివేసిన సోదరీమణు లీ వ్యత్యాసమును ముఖ్యముగా గమనింపవలయును. నిద్ర ముందు వచ్చును, ఉపశమనము వెనుక వచ్చును.

నొప్పి యేమియు లేక నిద్ర మాత్రమే పట్టని వారు దీనిని దమంతట వాడరాదు. అట్టివారికి ముందుగా నలవాట్లను, ఆలోచనలను జక్కదిద్దు శిక్షణ నీయవలెనని 2016లో అమెరికా వైద్యుల సంఘ మొకటి సలహా యిచ్చినది. అనఁగాఁ బ్రతిదినము నొకే వేళకు లేచుట, పగటి నిద్రను దగ్గించుట, సాయంకాలము కాఫీ, టీలు మానుట, నిద్ర రానప్పుడు పడకపై దొర్లక లేచి కూర్చుండుట మొదలైనవి.

మోతాదు

విషాదవ్యాధికి అమిట్రిప్టిలీన్ దినమునకు సాధారణముగా 75 మొదలు 150 మిల్లీగ్రాముల వఱకు నిత్తురు. నొప్పికిఁ దఱచుగా 10 మిల్లీగ్రాములతో నారంభింతురు. అవసరమైనచోఁ గొన్ని వారముల కొకమాఱు మెల్లమెల్లగాఁ బెంచి 25 చేయుదురు. కొందఱి కింకను గొంత యధిక మవసర మగును. మీ చీటిపై 10 అని యున్నచో, అది మనోవ్యాధికి నిచ్చు మోతాదు కానే కాదని దీనివలనఁ దెలియును.

మాత్రను బడుకొను క్షణమున గాక, గంటయో రెండు గంటలో ముందుగా వేసికొన్నచో నుదయము మత్తు తక్కువగా నుండును. ఒక రాత్రి మఱచినచో మఱునాఁడు రెండు వేసికొనరాదు. కొన్ని నెలలు వాడిన పిమ్మట నొక్కసారిగా మానరాదు. మానినచో నిద్ర చెడుట, వికారము, చిరాకు కలుగవచ్చును. వైద్యులు చెప్పినట్లు క్రమముగాఁ దగ్గింపవలెను. ఇది నల్లమందువంటి వ్యసనము కాదు. మోతాదును బెంచుచుఁ బోవలె నను తహతహ దీనివలనఁ బుట్టదు.

డులాక్సెటిన్ అనునది వేఱొక మందు. 2004లో అమెరికాలో విషాదమునకును, మధుమేహపు నరముల నొప్పికిని, 2010లోఁ జిరకాలపు నడుము, మోఁకాలి నొప్పులవంటి వానికిని అనుమతి పొందినది. దీనిని సాధారణముగా 30 లేక 60 మిల్లీగ్రాములుగా నిత్తురు. దీనితో మొదట వికారము కలుగవచ్చును. నిద్రమత్తు తక్కువ.

కష్టములును జాగ్రత్తలును

అమిట్రిప్టిలీన్ వలన నోరెండుట, మలబద్ధకము, ఉదయము మత్తు, చూపు మసకగుట, కొందఱికి బరువు పెరుగుట కలుగును. నోరెండినదని చక్కెరబిళ్ళలు చప్పరించినచోఁ బండ్లు పుచ్చిపోవును. నీటిని గ్రుక్కగ్రుక్కగాఁ ద్రాగుట మేలు. మలబద్ధకమునకు మన రాగిసంగటి, ఆకుకూరలు, మజ్జిగ సహాయపడును. లేచునపుడు తల తిరుగకుండుటకై ముందు కూర్చుండి, పిదప నిలువఁబడవలెను.

మన సీమవారు ప్రత్యేకముగా నెఱుఁగవలసిన దొకటి కలదు. ఈ మందు చెమట పట్టుటను దగ్గించును. చెమట శరీరమునకుఁ జల్లఁదనము నిచ్చు మార్గము. మార్చి మొదలు మే వఱకు అనంతపురపుటెండలోఁ బనిచేయు వారు ఈ మాత్ర వేసికొనునపుడు వడదెబ్బకు లోనగు నపాయము హెచ్చును. మిట్టమధ్యాహ్నపు పని మానుకొని, నీరు, మజ్జిగ విరివిగాఁ ద్రాగి, తలకుఁ గొంగు కప్పుకొని యుండవలెను. ఎండలో నొడలు కాఁగి చెమట పట్టక తల తిరిగినచో వెంటనే నీడకుఁ జేర్చి తడిబట్టతోఁ దుడిచి వైద్యశాలకుఁ గొనిపోవలెను.

గుండె కొట్టుకొనుటలో దోషము గలవారు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు, కంటిలో నీటియొత్తిడి వ్యాధి గలవారు, మూర్ఛరోగులు, మూత్రము కష్టముగా వచ్చు వృద్ధులు ఈ సంగతులను వైద్యులకు ముందే చెప్పవలెను. గర్భిణులును, పాలిచ్చు తల్లులును, గర్భము దాల్చఁ గోరువారును జెప్పవలెను. వృద్ధులకు మత్తుచే నడుగు తప్పి పడిపోవు ప్రమాదము గలదు. అత్తగారికి మోఁకాలి నొప్పి యని కోడలి మాత్రను జేతఁ బెట్టుట యెన్నఁడును గూడదు. ట్రమడాల్ అను నొప్పిమందును గాని, మఱొక మనోవ్యాధి మందును గాని దీనితోఁ గలిపి వేసికొనుట వైద్యులకుఁ దెలియకుండ జరుగరాదు. ఇరువదియైదేండ్ల లోపు వారిలో నిట్టి మందులు మొదలుపెట్టిన తొలివారములందుఁ గొందఱికి మనసు కలఁతపడి చెడుతలంపులు రావచ్చునని హెచ్చరిక యున్నది. ఇంటివారు కనిపెట్టి యుండవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది: ఈ మాత్ర మోతాదు మించినచోఁ బ్రాణాపాయము. పసిపిల్లలకుఁ గొన్ని మాత్రలే చాలును. కనుక బియ్యపు డబ్బాలో గాని, తలగడ క్రింద గాని యుంచుట మిక్కిలి ప్రమాదకరము. బీగము వేసిన పెట్టెలో నుంచవలెను. కఱవుసీమలో నప్పులపాలై క్రుంగియున్నవా రింట నున్నచో నీ జాగ్రత్త యింకను రెట్టింపు కావలెను. అట్టివారికై టెలిమానస్ అను ప్రభుత్వ సేవ 14416 సంఖ్యపై రేయింబవళ్ళు తెలుఁగులోను మాటలాడుచున్నది. ఇది 2022 అక్టోబరులో నారంభమైనది.

మందు చేయఁజాలని పనులు

ఏ మందునైనను మితిమీఱి పొగడుట పాఠకురాండ్రకుఁ జేయు ద్రోహము. 2023లోఁ గాక్రేన్ అను సంస్థ, చిరకాలపు నొప్పులకు విషాదహర మందులను వాడిన 176 పరిశోధనలను, సుమారు 28,600 మంది రోగుల వివరములను గూడఁ బరిశీలించి, డులాక్సెటిన్‌కే దృఢమైన యాధారములు గలవనియు, అమిట్రిప్టిలీన్ విషయమునఁ బరిశోధనలు చిన్నవియు బలహీనమైనవియు ననియుఁ దేల్చినది. 2022లో బ్రిటనులో 130 మంది మధుమేహరోగులపైఁ జేసిన పరిశోధనలో అమిట్రిప్టిలీన్, డులాక్సెటిన్, ప్రెగాబలిన్ అను మూఁటితో నారంభించిన చికిత్సలు నించుమించు సమానముగాఁ బనిచేసినవి. వీని సారము: కొందఱికి మంచి మేలు కలుగును, కొందఱికి స్వల్పము, మఱికొందఱికి ఏమియు లేదు. ఆఱు నుండి యెనిమిది వారములు సరియైన మోతాదులో వాడినను గుణము లేనిచో వైద్యులతోఁ జెప్పి మానుటయే మంచిది. ఊరక యేండ్ల తరబడి మ్రింగవలసిన పని లేదు.

నొప్పికిఁ గారణము వెదకుటకు బదులుగా నీ మాత్రను వాడరాదు. కాళ్ళు పట్టు తప్పుట, మలమూత్రములపై నదుపు పోవుట, నొప్పితోఁ గూడ జ్వరము, కారణము లేక చిక్కిపోవుట కనఁబడినచో ముందు పరీక్షలు జరుగవలెను. ఫ్లోరైడు నీరు త్రాగు వారికి నీటిని మార్చుటయే మొదటి చికిత్స. మధుమేహము గలవారికి చక్కెర నదుపులో నుంచుటయే మొదటి చికిత్స. నొప్పి కొంత తగ్గి, రాత్రి నిద్ర పట్టినపుడు, ఆ వెసులుబాటుతోఁ బ్రతిదినము కొంతదూరము నడచుట, నడుము కండలకు బలము నిచ్చు వ్యాయామము నేర్చుకొనుట జరుగవలెను. మాత్ర తలుపు తెఱచును, నడువవలసినది మనమే.

నింద యేల?

మీ మాత్ర పిచ్చికిఁ గాదు, నొప్పికే యని చెప్పి యింతటితో విడిచిన నా మాట యసంపూర్ణ మగును. ఏలయన, ఒకవేళ నిజముగా విషాదవ్యాధికే యిచ్చినను సిగ్గుపడవలసిన దేమున్నది? గోవాలో విక్రమ్ పటేల్ మొదలగు వైద్యులు చేసిన పరిశోధనలలో, నీరసము, ఒడలినొప్పులు అని చెప్పుకొనుచు వచ్చు స్త్రీలలోఁ బలువురు విషాదముచేఁ గృశించుచున్న వారేయని తెలియవచ్చినది. దుఃఖమును నోట నుడువుటకు వీలులేని యింట శరీరమే నోరై మాటలాడును. శరీరము నొచ్చినపుడు మనసు క్రుంగును, మనసు క్రుంగినపుడు శరీరము నొచ్చును. ఈ రెంటినడుమ గోడ కట్టి, ఇటుప్రక్క గౌరవము, అటుప్రక్క నింద యని పంచిపెట్టుట మనుష్యులు చేసిన పని, ప్రకృతి చేసినది కాదు.

మన పొరుగుననున్న బళ్ళారి జిల్లాలో 1985 మొదలు బెంగుళూరులోని నిమ్హాన్స్ వారు పల్లెలలోని ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వైద్యులకు శిక్షణ నిచ్చి, మనోవ్యాధులకు జ్వరమునకువలెనే యూరిలోనే చికిత్స జరుగవచ్చునని చూపిరి. 1996లో దేశములో నారంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమున కదియే నమూనా యైనది. మనకుఁ గూఁతవేటు దూరమున జరిగిన యీ మంచిపని మన యింటి మాటలలోనికి మాత్ర మింకను రాలేదు.

సోదరీమణులారా! మాత్ర వ్రాసి యిచ్చినపుడు జంకక యడుగవలసిన ప్రశ్న లివి: ఇది యే నొప్పికి? ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళకు? ఎన్ని వారములు చూడవలెను? నేను వేసికొను తక్కిన మందులతోఁ బొసఁగునా? ఎండలోఁ బనిచేయుదును, ఫరవాలేదా? మానవలసినపు డెట్లు మానవలెను? మీరు వాడు మందులన్నియు నొక కాగితమున వ్రాసికొని పోవుఁడు. మరల వైద్యులను జూచువఱకు నెన్ని రాత్రులు నిద్రపట్టెనో, నొప్పి యెంత తగ్గెనో పిల్లల పాత నోటుపుస్తకములో నొక్కొక్క పంక్తి వ్రాసికొనుఁడు. అది వైద్యులకు నూఱు మాటలకంటె నుపయోగపడును.

అత్తలారా, వదినెలారా, మీ యింటి కోడలు రాత్రి యొక చిన్న మాత్ర వేసికొనుచున్నచో "అది యేమి మాత్ర?" అని గుసగుసలాడుటకు మాఱుగా, "రాత్రి నిద్ర పట్టినదా?" యని యడుగుఁడు. ఉదయము బిందె నొకదానిని మీరెత్తుకొనుఁడు. మందు సగము పని చేయును. తక్కిన సగ మా బిందెలో నున్నది.